ఆదివారం పాడని తుమ్మెద

రెండువేల ఇరవై మూడు, మల్లెల కాలం. అరసవల్లిలో సూర్యుడి గుడికి కాస్త ఇవతల, రోడ్డు వారన మా మావయ్య ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఆటో ఎలక్ట్రికల్ అంటే బండిలో కరెంటుతో నడిచేదంతా: బ్యాటరీ, ఇంజనుని తిప్పి లేపే సెల్ఫు మోటారు, లైట్లు, హారను, వాటన్నిటినీ కలిపే తీగలు. ఇంజను విప్పే మెకానిక్కులు వేరు. వాళ్ళ చేతులకి నూనె అంటుకుంటుంది, మా చేతులకి రాగి వాసన పడుతుంది. ఐటీఐ చదువు అయ్యాక ఆ షాపులో చేరి అప్పటికి నాకు కొన్నేళ్ళయింది.

నేను మనుషులతో పెద్దగా మాట్లాడలేను. బండి తెచ్చినవాళ్ళతో మాట్లాడే పని మావయ్యది, బానెట్ కింద తల దాచుకునే పని నాది. "మా గుంటకి నోరు నేదు గానీ సెవులు నాలుగున్నాయి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు పాత టైరు మీద కూర్చుని లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం చదువుకుంటాను. ఇంటికెళ్ళాక డైరీలో ఆ రోజు సంగతి నాలుగు ముక్కలు రాసుకుంటాను. బండ్ల గురించి కన్నా వాటిలో దొరికినవాటి గురించే ఎక్కువ రాస్తానేమో: సీటు కింద పగిలిన గాజు ముక్క, డాష్‌బోర్డు సందులో ఎండిపోయిన తమలపాకు, ఎవరో చిన్నపిల్ల అద్దం మీద అంటించి మర్చిపోయిన బొట్టుబిళ్ళ.

ఒక శనివారం పొద్దెక్కాక లక్ష్ముమ్మత్త కారు వచ్చి షాపు ముందు ఆగింది. ఆమెది శ్రీకూర్మం దారిలో ఒక ఊరు. చుట్టుపక్కల తోటల్లో కోసిన పూలన్నీ ఎత్తుకుని, తెల్లారకముందే అరసవల్లి గుడి దగ్గర దండలు కట్టేవాళ్ళకి చేరుస్తుంది. కారు తనే నడుపుతుంది. పాతకాలం కారు, మీగడ రంగుది. వెనక సీటు తీయించేసి ఆ జాగాలో బుట్టలు పెడుతుంది. ఆ బండి మా షాపుకి వస్తే పెట్రోలు వాసన కన్నా ముందు మల్లెల వాసన వచ్చేది. ఎండలో కళ్ళు మూసుకుని ఉంటే ఎక్కడో పెళ్ళిపందిట్లో కూర్చున్నట్టుండేది.

ఆమె మాత్రం ఆ రోజు పెళ్ళికొచ్చినట్టు లేదు.

"ఒరే అప్పారావూ, బ్యాటరీ మార్సినావు, సెల్ఫు ఇప్పినావు, ఇంకేటి ఇప్పుతావు? మళ్ళీ మొన్న ఆదివారం మొరాయించీసింది" అంది దిగుతూనే.

"ఇప్పుడు దీని మీదే వచ్చినావు కదేటి అప్పా?" అన్నాడు మావయ్య.

"ఇప్పుడు వస్తాది. సోమారం వస్తాది, మంగళారం వస్తాది. ఆదివారం తెల్లారగట్ల మాత్రం రాదు. గిర్రుమని తిరుగుతాది, అంటుకోదు."

"గవర్నమెంటు బండేమో. ఆదివారం సెలవు."

మామూలుగా అయితే ఆమె దీనికి రెండు తిట్లు తిట్టి నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. బానెట్‌కి ఆనుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎగతాళి కాదురా. ఆదివారం సూర్యుడి వారం. వారమంతా అమ్మిన పూలు ఒకెత్తు, ఆదివారం పూలు ఒకెత్తు. మొన్న ఆటోలో ఎత్తుకుని వచ్చేసరికి పొద్దెక్కిపోనాది. జనం దండలు కొనుక్కుని ఎల్లిపోయినాక నా పూలు దిగినాయి. కొట్లోళ్ళు సెప్పీసినారు, రేపు కూడా అలాగైతే ఇంక వైజాగు పూల వ్యానుకి సెప్పుకుంటారంట. మా అత్త నెత్తి మీద బుట్ట పెట్టుకుని నడిచొచ్చి నిలబెట్టిన వాడుక. నా సేతిలో పోతాది. తోటల్లో కోసీ ఆడోళ్ళంతా నా బండి సూసుకుని కోస్తన్నారు."

మావయ్య గమ్మున తాళం అందుకున్నాడు. తిప్పాడు. బండి ఒక్క ఊపున అంటుకుంది. ఆపి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంటుకుంది. బ్యాటరీ చూశాం, బాగుంది. ఫ్యూజులు చూశాం. ఎక్కువ కరెంటు పారితే తామే కాలిపోయి మిగతా తీగల్ని కాపాడే చిన్న ముక్కలవి. అవీ బాగున్నాయి. మా పనిలో చెడిపోయిన బండి కన్నా కష్టమైనది ఇలా మా ముందు మంచిపిల్లలా నిలబడే బండి.

నేను వెనక తలుపు తీసి ఖాళీ జాగా వైపు చూస్తూ ఉండిపోయాను. నల్లటి రబ్బరు మ్యాటు, దాని అంచున అతుక్కున్న మల్లె రేకులు. ఎంతసేపు అలా చూశానో తెలీదు. నాకు పని చేస్తూ చేస్తూ ఎటో వెళ్ళిపోయే అలవాటుంది. ఆ ఖాళీ జాగాని చూస్తుంటే ఒక మాట తట్టింది. నోట్లోంచి బైటికి రావడానికి మాత్రం కాస్త టైము పట్టింది.

"అత్తా, ఆగిపోయినప్పుడు బండిలో పూలుంటాయా?"

"పూలు నేకుండా తెల్లారగట్ల నాకు బండితో పనేటే?"

"మేం చూసినప్పుడు ఎప్పుడూ లేవు."

ఆమె మావయ్య వైపు చూసింది, మావయ్య నా వైపు చూశాడు. అది నిజం. బండి కదలకపోతే పూలు వాడిపోతాయని ముందు బుట్టలన్నీ దింపేసి ఆటోలోకి ఎక్కిస్తారు. ఆ తరవాతే ఎవరికైనా ఫోను చేస్తారు. మేం వెళ్ళేసరికి బండి ఖాళీగా ఉంటుంది, తాళం తిప్పగానే లేస్తుంది.

"నేను మీ ఊరొస్తాను. రేపటికి ఎక్కించినట్టే ఎక్కించి చూపించండి" అన్నాను.

"ఓలమ్మ! గుంట ఇన్ని మాటలాడింది. ఇయాల వానొస్తాది" అన్నాడు మావయ్య. అని, టెస్ట్ ల్యాంపు నా సంచిలో తనే పెట్టాడు. రెండు తీగల చివర చిన్న బల్బు కట్టి ఉండే పనిముట్టు అది. కరెంటు దారి ఎక్కడిదాకా ఉందో బల్బు వెలిగి చెప్తుంది.

ఎండలో బయల్దేరాం. దారి పొడుగునా కోత అయిపోయిన పొలాలు, ఎండమావిలో కాళ్ళు కరిగిపోయినట్టున్న తాడిచెట్లు. సముద్రం కనబడదు గానీ గాలిలో దాని ఉప్పు తెలుస్తుంది. లక్ష్ముమ్మత్త మాట్లాడుతూనే ఉంది, నేను సంచి ఒళ్ళో పెట్టుకుని బండి చప్పుళ్ళు వింటూ కూర్చున్నాను. వెనకనుంచి ఒక తడి వాసన వస్తూనే ఉంది. పూలు లేవు, తడి మాత్రం ఉంది.

వాళ్ళింటి ముందు వేపచెట్టు నీడలో అప్పటికే బుట్టలు దిగాయి. మొగ్గలు విచ్చకుండా ఉండాలని మధ్యాహ్నమే కోసేస్తారు. బుట్టలో తడిగుడ్డ పరిచి, మొగ్గలు పోసి, పైన ఇంకో తడిగుడ్డ కప్పుతారు. బంతి పూలకి ఆ మర్యాద లేదు, తడిస్తే కుళ్ళిపోతాయని పొడి గోనెల్లో కుక్కి పైన వేస్తారు. మామూలుగా చీకటి పడే వేళకి ఎక్కించి అలాగే వదిలేసి, తెల్లారగట్ల తాళం తిప్పుతారు. ఆ రోజు నా కోసం ముందే ఎక్కించడం మొదలుపెట్టారు.

కారు వెనక తలుపు దగ్గర ముక్కాలిపీట మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. లక్ష్ముమ్మత్త అత్తగారు. పక్కన నీళ్ళ బిందె, చేతిలో ఇత్తడి చెంబు. బుట్ట బండిలోకి వెళ్ళినప్పుడల్లా దాని మీద దోసెడు నీళ్ళు చిలకరిస్తోంది. అటుగా వెళ్ళే ఆడవాళ్ళు కూడా ఆగి, ఆమె చెంబులోంచి తలో చారెడు తీసుకుని పూల మీద చల్లి వెళ్తున్నారు. ఎవరూ చెప్పకుండానే, గుళ్ళో గంట కొట్టినంత అలవాటుగా.

"అందరూ ఎందుకు పోస్తున్నారు మామ్మా?" అని అడిగాను.

"పువ్వు ఊరెల్తాంది కదే. మన గుమ్మంలోంచి ఎల్లీవోళ్ళకి గుక్కెడు నీళ్ళియ్యకుండా పంపుతారేటి?" అంది మామ్మ, నేను చాలా తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు.

నాకా మాట ఎంత నచ్చిందంటే కాసేపు బండి సంగతే మర్చిపోయాను. బుట్టల్లో మొగ్గలన్నీ తెల్లటి ముసుగులు వేసుకుని, పయనానికి సిద్ధమై కూర్చున్న ఆడపిల్లల్లా కనబడ్డాయి.

"మిగతా రోజుల్లో ఇన్ని ఉండవు. నడిమిన నాలుగు పెడతాం, అంతే. ఆదివారానికి మూలమూలా కుక్కాల" అంటూ లక్ష్ముమ్మత్త ఆఖరి బుట్టని ఎడమవైపు మూలలోకి మోకాలితో నెట్టింది. తరవాత ముందుకెళ్ళి కూర్చుని తాళం తిప్పింది.

గిర్రున తిరిగింది. అంటుకోలేదు.

"సూసినావా! సూసినావా!" అని అరిచింది. బండి లేవనందుకు ఆమె అంత సంతోషించడం అదే మొదలనుకుంటాను. జబ్బు మా కళ్ళ ముందుకి వచ్చిన క్షణమే మాకు పండగ.

సెల్ఫు తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ తప్పు కాదు. ఇంజను అంటుకోవాలంటే రెండు కావాలి: నిప్పురవ్వ, పెట్రోలు. ముందు ఏది చూద్దామా అనుకుంటుంటే వెనకనుంచి మామ్మ తన మానాన తను అంది:

"పాడనేదు."

"ఏంటి పాడలేదు మామ్మా?"

"తుమ్మెద. ఈ బండిలో ఒక తుమ్మెదున్నాది. తాళం తిప్పగానే పూల కింద గుంయ్ మంటాది. అది పాడినాకే బండి లేస్తాది. ఆదివారాలు పాడట్నేదు. సెప్తే ఈలు నవ్వుతారు."

"మా అత్త సెవుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి పాడతానే ఉంటాది. నువ్వు పని సూడమ్మా" అంది లక్ష్ముమ్మత్త.

నేను నవ్వలేదు. ఆ తుమ్మెద నాకు తెలుసు. పెట్రోలు ట్యాంకులో ఫ్యూయల్ పంపు అని ఒకటి ఉంటుంది, ట్యాంకులోంచి ఇంజనుకి పెట్రోలు తోసే చిన్న కరెంటు మోటారు. తాళం సగం తిప్పగానే రెండు మూడు సెకన్లు సన్నగా గుంయ్‌మని, పెట్రోలు సిద్ధం చేసి ఆగుతుంది. ఆ కారులో ట్యాంకు సరిగ్గా పూలబుట్టల కిందే ఉంది. మా షాపులో రోడ్డు రొద, మావయ్య మాటలు, హారన్ల మధ్య ఆ చప్పుడు కోసం మేం చెవి పెట్టనే లేదు. విందామన్నా మా దగ్గరికొచ్చినప్పుడు అది పాడుతూనే ఉంది.

"అత్తా, తాళం సగమే తిప్పు. మామ్మా, నువ్వు విను."

నిశ్శబ్దం. మామ్మ తల అడ్డంగా ఊపింది.

ఒక బుట్ట దింపించాను. మళ్ళీ తాళం. మామ్మ తల అడ్డంగా. ఇంకో బుట్ట. అడ్డంగా. పూలు కోసిన ఆడవాళ్ళు చుట్టూ చేరి, మాట్లాడుకోవడం మానేసి తామూ వినడం మొదలుపెట్టారు. వేపచెట్టు మీద ఒక కాకి అరిస్తే ఎవరో దాన్ని "ఉష్" అన్నారు. అంతమంది మనుషులు ఒక బండి మాట కోసం ఊపిరి బిగబట్టి నిలబడటం నేనింకెక్కడా చూడలేదు. నాలాంటిదానికి అది ఎంతో హాయైన గుంపు. ఎవరూ ఏమీ మాట్లాడక్కర్లేదు.

ఎడమ మూల బుట్ట దింపగానే గుంయ్‌మంది.

"అదిగో! అదిగో నా తుమ్మెద!" మామ్మ చెంబు వదిలేసి చప్పట్లు కొట్టింది.

ఆ బుట్ట మళ్ళీ పెట్టించాను. పాట ఆగింది. తీయించాను. పాడింది. అప్పుడు అన్నీ దింపేసి, ఆ మూలన రబ్బరు మ్యాటు పట్టుకుని పైకెత్తాను.

కింద ఒక తోట ఉంది.

మ్యాటుకీ బండి అడుగు రేకుకీ మధ్య నల్లటి తడిమట్టి, కుళ్ళిన పూరేకులు, అందులో వరసగా సన్నని మొలకలు. దారప్పోగుల్లా పొడుగ్గా సాగి, పాలలా తెల్లబడి, చివర లేతపసుపు ఆకులు రెండేసి. ఎప్పుడూ వెలుతురు చూడని మొలకలు. వారం వారం సూర్యుడి గుడికి వెళ్ళొస్తూ, సూర్యుణ్ణి చూడని మొలకలు.

"బంతి నారు" అంది మామ్మ మెల్లగా. ఎండిన బంతుల్లోంచి రాలిన విత్తనాలు, మల్లెలకి పోసిన నీళ్ళు. అంతే సరిపోయింది.

ఆ మొలకల వేళ్ళ మధ్య ఒక నల్ల తీగ ఉంది. పంపు తాలూకు ఎర్త్ తీగ. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు పని చేశాక తిరిగి వెళ్ళే దారిని ఎర్త్ అంటాం. బండి ఇనప ఒళ్ళే ఆ దారి. అందుకే ప్రతి తీగ చివరా ఒక రాగి ఉంగరం బిగించి, బోల్టుతో రేకుకి కడతారు. ఇక్కడ ఆ బోల్టు తుప్పు పట్టింది, ఉంగరం పచ్చటి చిలుము అయిపోయింది, తీగలో పోగులు రెండో మూడో మిగిలాయి. బుట్ట లేనప్పుడు అవి ఎలాగో ఆనుకుని ఉంటున్నాయి. ఆదివారం బుట్ట బరువు పడగానే విడిపోతున్నాయి. అత్త చేత మళ్ళీ మళ్ళీ తాళం సగం తిప్పిస్తూ, టెస్ట్ ల్యాంపు ఒక చివర పంపుకి కరెంటు తెచ్చే తీగకి పెట్టి, రెండో చివర బండి రేకుకి తాకించాను. వెలిగింది. అదే చివర ఈ ఎర్త్ తీగకి తాకించి, ఉంగరం మీద వేలితో నొక్కాను. ఆరిపోయింది. వచ్చే దారి బాగుంది, తిరిగెళ్ళే దారి తెగింది.

"ఇంత నీరు ఎక్కడిది?" అని పూలు కోసే ఒకావిడ అంది. అందరూ మామ్మ చేతి వైపు చూశారు.

తప్పు ఎక్కడుందో తీగకి చెప్పడం నాకొచ్చు. మనిషికి చెప్పడం రాదు.

మామ్మే అంది. "అయితే నా తుమ్మెద గొంతు నానే నొక్కీసినానేటే?"

ఆమె చెంబుని చీర కుచ్చెళ్ళలో దాచుకోబోయింది. అది చూసి ఉండలేకపోయాను.

"నువ్వు పూలకే పోశావు మామ్మా. అవి తాగ్గా మిగిలింది బండి తాగింది. నీళ్ళు మానక్కర్లేదు. బండి నీళ్ళలో కూచోకుండా నేను చూస్తాను."

"మానక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"విన్నావేటే లక్ష్ముమ్మా? డాక్టరమ్మ సెప్పింది" అంది మామ్మ, చెంబు మళ్ళీ పైకి తీస్తూ.

"ఊరందరికీ నీళ్ళిచ్చీ సెయ్యి అది. ఊరుకోమంటే ఊరుకుంటాదేటి?" అంది కోడలు. చాలా రోజుల తరవాత అనుకుంటాను, నవ్వింది.

తీగని వెనక్కి, రాగి ఎర్రగా మెరిసేదాకా కత్తిరించాను. పొట్టిదైపోయింది, అదే రకం తీగ ఇంకో ముక్క అతికి, అతుకు మీద స్లీవు వేసి వేడి చేశాను. స్లీవు అంటే వేడికి బిగుసుకుని, తీగని ఒరలా పట్టి తడి లోపలికి వెళ్ళనివ్వని గొట్టం. కొత్త ఉంగరం నొక్కి బిగించాను. దాన్ని పాత చోట కట్టలేదు. నీళ్ళు చేరనంత పైన, తలుపు పక్కనున్న రేకు మీద రంగు గీకి, మెరిసే ఇనుము బైటపడ్డాక బోల్టు వేసి, పైన గ్రీజు పూశాను. బండి అడుగున నీళ్ళు పోవడానికి కంపెనీ వాళ్ళే వదిలిన కన్నం ఒకటుంటుంది, అది పూరేకులతో పూడుకుపోయింది. పుల్లతో పొడిస్తే నల్లటి నీళ్ళు ధారగా కారాయి. మ్యాటు తీసేసి, వాళ్ళింట్లో ఉన్న వెదురు తడక కోయించి పరిపించాను, బుట్టలు దాని మీద కూర్చుంటాయి.

అన్నీ మళ్ళీ ఎక్కించారు, మూలమూలా. మామ్మ చెంబు ఎత్తి, నా వైపు ఒకసారి చూసి, దోసెడు చల్లింది. బండి కిందనుంచి బొట్లు బొట్లుగా నేల మీద పడ్డాయి. వంగి వాటిని చూసింది. ఇంకో దోసెడు చల్లింది. లక్ష్ముమ్మత్త తాళం సగం తిప్పింది. పాడింది. పూర్తిగా తిప్పింది. లేచింది.

అయినా ఆ సాయంత్రం ఆటోలో ఇంటికొచ్చాక నాకు నమ్మకం లేదు. రాత్రంతా బుట్టలు బరువుగా కూర్చుంటాయి, నీళ్ళు కారుతూనే ఉంటాయి. పగలు లేచినంత మాత్రాన తెల్లారగట్ల లేస్తుందని ఏముంది? పుస్తకం తెరిస్తే ఒక్క పేజీ కదలలేదు. తెల్లారకముందే లేచి షాపు దగ్గరికి నడిచాను. షట్టరు తీయలేదు. దాని ముందు అరుగు మీద కూర్చున్నాను. లాడ్జీల్లో దిగిన యాత్రికులు తడిజుట్లతో గుడివైపు వెళ్తున్నారు. తూర్పున ఇంకా బూడిదరంగే. నాకు కళ్ళు మూతలు పడుతుంటే మల్లెల వాసన వచ్చింది. కలేమో అనుకున్నాను.

మీగడ రంగు కారు నెమ్మదిగా వస్తోంది. ముందు సీట్లో మామ్మ కూర్చుని ఉంది, చెంబు ఒళ్ళో పెట్టుకుని. బండి ఆగలేదు, ఆగడానికి వాళ్ళకి టైము లేదు. నన్ను చూసి మామ్మ కిటికీలోంచి తల బైటపెట్టి ఒక్క మాటే అంది.

"పాడింది!"

గుడి దగ్గర దండలవాళ్ళు తమ పీటల మీద సర్దుకుంటున్న వేళకి పూలు దిగాయి. వైజాగు వ్యానుకి కబురు వెళ్ళలేదు.

మా పనిలో బండిని ఒంటరిగా చూస్తాం. సీట్లు ఖాళీ చేయించి, సామాను దింపించి, తాళం తీసుకుని పరీక్షిస్తాం. కానీ ఏ బండీ ఒంటరిగా చెడిపోదు. అందులో ఎక్కే మనుషులతో, బరువులతో, వాళ్ళ అలవాట్లతో కలిసి చెడిపోతుంది. ఆ తరవాత ఎవరు బండి తెచ్చినా నేను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతున్నాను: ఆగినప్పుడు బండిలో ఏమున్నాయి, ఎవరున్నారు, వాళ్ళకి ఏం వినబడింది? అడగడానికి ఇప్పటికీ సిగ్గే. అయినా అడుగుతాను. జవాబు చాలాసార్లు తాళం పట్టుకున్నవాళ్ళ దగ్గర ఉండదు, వెనక కూర్చున్నవాళ్ళ దగ్గర ఉంటుంది.

ఆ బంతి మొలకల్ని మట్టితో సహా తెచ్చి, పైభాగం కోసేసిన ఆయిలు డబ్బాలో నాటి షాపు ముందు పెట్టాను. చాలావరకు మొదటి ఎండకే పడిపోయాయి. రెండు మాత్రం ముందు పసుపుగా, తరవాత లేతాకుపచ్చగా, ఆపైన అసలైన పచ్చగా మారాయి. వానలు పడ్డాక ఒకదానికి పువ్వొచ్చింది. ఆ వారం లక్ష్ముమ్మత్త వస్తే కోసి ఇచ్చాను. బండి నిండా పూలున్న మనిషి, దాన్ని బుట్టలో వేయలేదు. డాష్‌బోర్డు మీద పెట్టుకుంది. తాళం సగం తిప్పి, మాట్లాడకుండా ఆగింది. నేను కిటికీ దగ్గరికి వంగాను. ఇద్దరం విన్నాం.